ట్యాగ్ కట్టని బ్రేకర్

ఫార్మింగ్టన్ హిల్స్,
2025 మార్చి 10, సోమవారం.

భవితమ్మా,

మొన్న శనివారం ఉదయం 10 గంటల 52 నిమిషాలకు మీ బేస్‌మెంట్‌లో తేజేశ్వర్ బీరు కాచే పాత్ర 152 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరింది. తేజేశ్వర్ చనిపోయి ఆ రోజుకు పదమూడు నెలల పదహారు రోజులు.

ఆ సంగతి నా ఫోన్ చెప్పింది. గీతాంజలీ నేనూ ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో సామాన్లు కార్‌లో పెడుతున్నాం. "కెటిల్: సెట్ చేసిన వేడికి చేరింది" అని స్క్రీన్ మీద వచ్చింది. బియ్యం బస్తా కింద పెట్టి నీకు ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తావు.

"ఏం లేదన్నయ్యా, ఊరికే నీళ్ళు కాచాను. మీకెలా తెలిసింది?"

"ముందు ఆపెయ్. పాత్రను ముట్టుకోకు. గోడ మీద బ్రేకర్ ఆపు."

"ఎందుకు?"

నేను చెప్పలేదు. నువ్వు ఫోన్ పెట్టేశావు. నిన్న నీ మెయిల్ వచ్చింది. సెటప్‌ను గరాజ్‌లోకి మార్చి, తేజ నోట్‌బుక్‌లో ఉన్న ప్లాన్ ప్రకారం సరిగ్గా కట్టించి, ఫ్రీజర్‌లో మిగిలిన రాగి మాల్ట్‌తో ఒక్కసారి కాయాలని రాశావు. ఏడు ప్రశ్నలు అడిగావు. వాటికి జవాబులు చివర రాస్తాను. ముందు శనివారం నువ్వు ఫోన్‌లో అడిగినదానికి చెప్పాలి.

మీ ఇల్లు మాకు పదకొండు నిమిషాల దూరం. ఈ ఉత్తరానికి రెండు రోజులు పడుతుంది. ఎదురుగా కూర్చుంటే నువ్వు ఒక్క మాట అడ్డు వేసినా నేను ఆగిపోతాను. ఇన్నాళ్ళూ అలాగే ఆగిపోతూ వచ్చాను. గీతాంజలికి కూడా నిన్ననే చెప్పాను. అంతా వింది. తరవాత, "రాస్తారా, వెళ్ళి చెప్తారా?" అంది. రాస్తానన్నాను. "అయితే నా ముందు పోస్ట్ చేయండి" అంది.

ఆ పాత్రను నడిపే కంట్రోలర్ కొన్న రోజున తేజ దానికి నా ఫోన్ కూడా కలిపాడు. "ఇద్దరం చూస్తుంటే ఎవడో ఒకడు మేలుకుంటడు గద గురూ" అన్నాడు. ప్రతి శనివారం ఉదయం ఏడింటికి నీళ్ళు కాగడం మొదలవ్వాలని అందులో ప్రోగ్రామ్ పెట్టాడు. అతను పోయాక ఆ ప్రోగ్రామ్‌ను ఎవరూ తీసేయలేదు. కంట్రోలర్ మామూలు ప్లగ్ మీద నడుస్తుంది కాబట్టి అది బతికే ఉంది. హీటింగ్ ఎలిమెంట్‌కు కరెంటు లేదు. అందుకని ప్రతి శనివారం ఏడింటికి నాకు ఒకే మెసేజ్ వచ్చేది: "58 డిగ్రీలు. వేడి ఎక్కడం లేదు." యాభై ఎనిమిది శనివారాలు వచ్చింది. యాప్ తీసేయడానికి నాకు ఒక్క నిమిషం చాలు. తీసేయలేదు.

2023 నవంబర్‌లో తేజా నేనూ ఆ ప్లాన్ వేసింది మీ డైనింగ్ టేబుల్ మీదే, నీ కళ్ళ ముందే. "బీరు షాపుకి పది నిమిషాలు. దానికి నెలన్నర ప్లానా?" అన్నావు నువ్వు. "అది కొన్న బీరు. ఇది ఇంజినీరింగ్" అన్నాడు. వీడియో కాల్‌లో మీ అమ్మగారు, "అల్లుడు ఏం కాస్తున్నాడే?" అని అడిగితే, తేజ నీకంటే ముందు అందుకుని "రాగి జావ అత్తమ్మా" అన్నాడు. "అంత గిన్నెలోనా?" అని ఆవిడ. ఆ మాట మీద మనం వారం రోజులు నవ్వుకున్నాం.

అప్పటి లెక్కలు నాకు ఇంకా నోటికి వచ్చు. పదిహేను గాలన్ల స్టీలు పాత్ర. 5500 వాట్ల ఎలిమెంట్. 240 వోల్టులు, 30 ఆంపియర్లు, పది నంబర్ తీగ. గంట మరిగిస్తే గాలన్ నీళ్ళు ఆవిరై బేస్‌మెంట్ గోడలకు చేరతాయి కాబట్టి పైన హుడ్, ఫ్యాన్. అన్నిటికంటే ముఖ్యం జీఎఫ్‌సీఐ బ్రేకర్. కరెంటు దారి తప్పి పాత్రలోకో మనిషిలోకో కాస్త లీకైనా, ఐదు మిల్లీ ఆంపియర్లకే ఆగిపోయే బ్రేకర్ అది. నీళ్ళూ కరెంటూ కలిసే చోట అది లేకుండా పని చేయకూడదని ఎర్ర ఇంకుతో రాసింది నేను. నోట్‌బుక్‌లో చూసే ఉంటావు.

డిసెంబర్ 16న మొదటి బ్యాచ్. నానబెట్టిన మాల్ట్, అదే మాష్, పాత్రలో ఉంది. బ్రేకర్ పడిపోయింది. మళ్ళీ వేశాం, పడిపోయింది. మూడోసారీ పడిపోయింది. మాష్ చల్లారుతోంది. నేను పనిచేసేది కార్ల విడిభాగాల ప్లాంట్‌లో, కంట్రోల్స్‌లో. అక్కడ సెన్సర్ ఒకటి మొరాయించి లైన్ ఆగితే, దాన్ని తప్పించి పక్కనుంచి ఒక వైరు వేసి లైన్ నడిపిస్తాం. ఇరవై ఏళ్ళుగా నా చేతికి అలవాటైన పని. ఆ రోజు తేజ అడగలేదు. నేనే అన్నాను, "కొత్త ఎలిమెంట్‌కి చెమ్మ పట్టి ఉంటుంది, ఊరికే పడిపోతోంది. ప్రస్తుతానికి మామూలు బ్రేకర్ పెడదాం" అని. మామూలు బ్రేకర్ లీకేజీని పట్టించుకోదు. తేజ, "ఏం గాదా గురూ?" అన్నాడు. "ఏం కాదు" అన్నాను. నా చేత్తోనే మార్చాను.

ప్లాంట్‌లో అలా వైరు వేసినప్పుడు దానికి ఎర్ర ట్యాగ్ కట్టాలి. పేరు, తేదీ, టైము, ఎందుకు వేశామో, ఎప్పుడు తీస్తామో రాయాలి. ట్యాగ్ లేకుండా వైరు దొరికితే ఉద్యోగం పోతుంది. మీ ఇంట్లో నేను ట్యాగ్ కట్టలేదు. దాని మీద మూడు బ్యాచ్‌లు కాచాం. నాలుగోది 2024 జనవరి 20. ఆ రోజు వస్తానని చెప్పి నేను వీకెండ్ షిఫ్ట్‌కి వెళ్ళాను.

గుండె ఆగిందని డాక్టర్లు రాశారు. తేజ వాళ్ళ నాన్నగారూ నలభై నాలుగేళ్ళకే గుండెపోటుతో పోయారు కాబట్టి ఎవరూ ఇంకో ప్రశ్న వేయలేదు. ఒంటి మీద కాలిన మచ్చ లేదు. కానీ తడి నేల మీద నిలబడి ఉంటే, తడి చేత్తో పాత్రను పట్టుకుని ఉంటే, కరెంటు మచ్చ పెట్టకుండానే గుండెను ఆపగలదు. మనందరిలో ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ సాయంత్రం నాలుగింటికి మీ ఇంటి నిండా జనం. గీతాంజలి కాఫీలు కలుపుతోంది. "కిందికెళ్ళి పవర్ ఆపేసి వస్తా" అన్నాను. ఎవరూ వద్దనలేదు. జీఎఫ్‌సీఐ బ్రేకర్ డబ్బాతో సహా ప్యానెల్ మీదే ఉంది. మామూలుదాన్ని తీసి దాన్ని పెట్టాను. ఏడు నిమిషాలు పట్టింది. దాన్ని ఆఫ్‌లో ఉంచి, తీసినదాన్ని కోటు జేబులో వేసుకుని పైకి వచ్చి నీ పక్కన కూర్చున్నాను. నువ్వు నా చేయి పట్టుకున్నావు.

ఎవరైనా చూస్తే అంతా పద్ధతిగా ఉందనుకోవాలని అలా చేశాను. వేరే కారణం లేదు.

ఈ కవర్‌లో బరువుగా తగిలేది ఆ బ్రేకరే. ఇన్నాళ్ళూ నా కార్ డ్యాష్‌బోర్డ్ అరలో ఉంది. నిన్న దానికి ఎర్ర ట్యాగ్ కట్టాను. నా పేరు, 2023 డిసెంబర్ 16, మధ్యాహ్నం 12:10 అని రాశాను. దాన్ని నువ్వు ఎవరికి చూపించినా సరే. పోలీసులకైనా, లాయర్‌కైనా. అడిగితే ఇదే చెప్తాను.

ఒక్కటి నాకు అర్థం కాలేదు. శనివారం నువ్వు వేసింది జీఎఫ్‌సీఐ బ్రేకర్. డిసెంబర్‌లో మూడుసార్లు పడిపోయింది అదే. మొన్న 152 దాకా పడకుండా ఎలా నిలబడింది?

ఇక నీ ఏడు ప్రశ్నలు. గరాజ్ మంచిదే, కారు బయట పెట్టుకోవాలి. 240 వోల్టులే ఉండనివ్వు, మామూలు ప్లగ్ మీద పదకొండు గాలన్లు మరగడానికి మధ్యాహ్నం అవుతుంది. పాత పాత్ర చాలు. నీళ్ళకు లాండ్రీ నుంచి గొట్టం లాగు, వాడాక ఖాళీ చెయ్యి, లేకపోతే జనవరిలో పగులుతుంది. తలుపు తెరిచి పెట్టుకున్నా హుడ్ కావాలి. నేల వాలు డ్రైన్ వైపు ఉందో లేదో ఒక బకెట్ పోసి చూడు. ఏడోది, వైరింగ్ నన్ను చేయమన్నావు. చేయను. లైసెన్స్ ఉన్నవాణ్ణి పిలువు, సిటీ పర్మిట్ తీసుకో.

దివాకర్


ఫార్మింగ్టన్ హిల్స్,
మార్చి 23, ఆదివారం.

దివాకర్ అన్నయ్యకు,

మీ ఉత్తరం 12న అందింది. ఈ పదకొండు రోజులూ మీ ఫోన్లు ఎత్తలేదు. గీతక్క రెండుసార్లు వచ్చి తలుపు కొట్టింది. లోపలే ఉన్నాను. తెరవలేదు.

మొదటి మూడు రోజులు నాకు కోపం తప్ప ఇంకేమీ లేదు. బ్రేకర్ మార్చినందుకు కాదు. మీ ఇద్దరికీ పనిలో తొందర ఎక్కువ, అది నాకు తెలుసు. పైకి వచ్చి నా పక్కన కూర్చున్నారు చూడండి, దానికి. ఆ రోజు నేను పట్టుకున్న చేయి ఏడు నిమిషాల పాటు ఆ పని చేసి వచ్చింది.

బ్రేకర్ టేబుల్ మీద ఉంటే తన్వి చూసింది. "అమ్మా, ఇదేంటి? వై ఈజ్ అంకుల్స్ నేమ్ ఆన్ ఇట్?" అంది. ప్లాంట్ సామాను, మర్చిపోయారు అన్నాను. "మామ్, డేట్ డిసెంబర్ ఉంది. అది నాన్న ఫస్ట్ బ్యాచ్ డే." పదిహేనేళ్ళది. తేదీలు నాకంటే బాగా గుర్తుంటాయి. తర్వాత చెప్తానన్నాను. "ఓకే, కానీ అంకుల్ చెప్పాలి. నువ్వు కాదు" అంది.

మీరన్నట్టే లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. పేరు డేల్. అరవై దాటినవాడు, తనూ ఇంట్లో బీరు కాచుకుంటాడట. పద్నాలుగున వచ్చాడు. మీ ఉత్తరంలో ఉన్నదంతా అతనికి ఇంగ్లీష్‌లో చెప్పాను. చివర మీరు అడిగిన ప్రశ్న కూడా. అతను ఎలిమెంట్ విప్పి మీటర్ పెట్టాడు. తడిపి పెట్టాడు, వేడి చేసి పెట్టాడు. నేను ల్యాబ్‌లో రోజంతా నీళ్ళ శాంపిల్స్ కొలిచేదాన్ని, ఎవరైనా కొలుస్తుంటే పక్కన నిలబడి చూడటం నాకు చేతనవును. లీకేజీ లేదు. ఏమీ లేదు.

"ఇది ఎప్పుడు మార్చారు?" అని అడిగాడు. మార్చలేదన్నాను. "ఇది రెండోది మ్యామ్. మొదటిది ఎక్కడో ఉండాలి" అన్నాడు.

షెల్ఫ్ మీద ఎలిమెంట్ డబ్బా ఉంది. దానిమీద డెలివరీ తేదీ 2024 జనవరి 16. లోపల పాత ఎలిమెంట్. డేల్ దానికి మీటర్ పెట్టాడు. ముల్లు కదిలింది. డిసెంబర్‌లో బ్రేకర్ ఊరికే పడిపోలేదు అన్నయ్యా. ఎలిమెంట్ నిజంగానే లీకవుతోంది.

నోట్‌బుక్ చివరి పేజీ నేను ఇంతవరకు చూడలేదు. అతని రాత ఎక్కడ ఆగిపోతుందో చూడాలనిపించలేదు. ఆ రోజు చూశాను. ఇలా ఉంది: "జన. 17. పాతది లీక్. చేతికి చురుక్కుమంది. కొత్తది పెట్టిన. మంచి బ్రేకర్ మళ్ళీ ఎయ్యాలె. శనివారం అయినంక గురూని పిలవాలె. ఇప్పుడే చెప్తే డ్యూటీ ఇడిచిపెట్టి ఉరికొస్తడు, నెల రోజులు నా తల తింటడు."

అంటే 20వ తేదీన పాత్రలో ఉన్నది మంచి ఎలిమెంట్. మీ మామూలు బ్రేకర్ గోడ మీదే ఉంది, నిజమే. కానీ ఆ రోజు ఏ బ్రేకరైనా పట్టుకోవాల్సిన లీకేజీ ఏదీ లేదు. నేను డేల్‌ను నేరుగా అడిగాను. నూటికి నూరుపాళ్ళు అని అతను అనలేదు. "ఆ రోజు నేనిక్కడ లేను మ్యామ్. కానీ ఈ ఎలిమెంట్ ఉంటే, ఏ బ్రేకర్ మీదైనా, తడి చేత్తో ఆ పాత్రను నేను పట్టుకుంటాను" అన్నాడు.

ఇది మీకు రాయడానికి ఇంకో తొమ్మిది రోజులు తీసుకున్నాను. మీరు పదమూడు నెలలు దాచారు, మీరూ కొన్నాళ్ళు ఉండండి అనుకున్నాను. అది మంచి పని కాదు. కానీ చేశాను, కాబట్టి రాస్తున్నాను.

క్షమించానని రాయను. ఆ మాట నా దగ్గరికి ఇంకా రాలేదు. మీరు తేజను చంపలేదు. అది మటుకు రాయగలను.

ఇప్పుడు నాది. ఎనిమిదో తేదీన ఎందుకు నీళ్ళు కాచానో మీరు అడగలేదు.

జనవరి 20న నేను వంటగదిలో దోసెల పిండి వేశాను. వెట్ గ్రైండర్ తిరుగుతోంది. కింద బజర్ మోగింది. గడియారం చూశాను, పది దాటి నాలుగు నిమిషాలు. "బజర్ మోగితే ఉరికిరాకు, అది మీ అమ్మ ఫోన్ కాదు" అని తేజ ఎప్పుడూ అనేవాడు కదా. అతనే ఆపుకుంటాడు అనుకున్నాను. పిండి తీశాను, గ్రైండర్ కడిగాను, రెండో వాయి వేశాను. మళ్ళీ చెవిన పడేసరికి బజర్ మోగుతూనే ఉంది. విసుక్కుంటూ దిగాను. 911కి ఫోన్ చేసింది 10:58కి. అది నా ఫోన్‌లో ఉంది.

నాలుగు నుంచి యాభై ఎనిమిది. యాభై నాలుగు నిమిషాలు ఆ బజర్ మోగుతుంటే నేను పైన పిండి రుబ్బుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. అందరికీ "వెంటనే దిగాను" అని చెప్పాను. మీకూ అదే చెప్పాను. బహుశా గ్రైండర్ హోరులో వినపడి ఉండదు, అని ఏడాదిగా నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది నిజమో కాదో కొలవాలనే ఎనిమిదో తేదీన అదే వేడికి పెట్టి, పైన గ్రైండర్ వేసి నిలబడ్డాను. వినపడింది. బాగా వినపడింది.

గరాజ్‌లోకి మార్చాలనుకున్నది అందుకే. అక్కడైతే వంటగది గోడ అవతలే ఉంటుంది. మోగితే నాలుగు అడుగులు.

డేల్ గరాజ్ వైరింగ్ పూర్తి చేశాడు. సిటీ ఇన్‌స్పెక్టర్ ఈ గురువారం ఉదయం పదింటికి వస్తాడు. మీరు వస్తారో రారో మీ ఇష్టం.

భవిత


ఫార్మింగ్టన్ హిల్స్,
మార్చి 25, మంగళవారం.

భవితమ్మా,

యాభై నాలుగు కాదు. నాలుగు.

కంట్రోలర్ ప్రతి సంఘటననూ రాసి పెట్టుకుంటుంది. తేజ ఫోన్ ఆ రోజు నుంచి తెరుచుకోలేదు కాబట్టి ఆ లాగ్ చదవగలిగింది నేనొక్కణ్ణే. ప్రింట్ తీసి ఇందులో పెట్టాను. చూసుకో.

10:04కి మాష్ అయిపోయినట్టు బజర్ మోగింది. నువ్వు విన్నది అదే. 10:05కి ఎవరో బటన్ నొక్కి దాన్ని ఆపారు. ఆ ఇంట్లో కింద ఉన్నది తేజ ఒక్కడే. 10:36కి హీట్ ఫుల్‌కి తిప్పాడు. 10:53కి దాన్ని అరవై శాతానికి తగ్గించాడు. అది అతని చివరి నొక్కు. 10:54కి, మరగబోతోందని, రెండో బజర్ మోగింది. దాన్ని ఎవరూ ఆపలేదు. 10:58కి నువ్వు 911కి చేశావు.

మధ్యలో నలభై తొమ్మిది నిమిషాలు ఆ బేస్‌మెంట్‌లో ఏ బజరూ మోగలేదు. అతను పని చేసుకుంటున్నాడు. నీ చెవికి రెండు బజర్లూ కలిసిపోయాయి. రెండో బజర్ మోగిన నాలుగు నిమిషాల్లో నువ్వు మెట్లు దిగి, అతన్ని చూసి, ఫోన్ చేశావు. వెంటనే దిగాను అని అందరికీ చెప్పావు కదా. చెప్పింది నిజమే.

ఈ లాగ్ 2024 జనవరి 20 సాయంత్రం నుంచీ నా ఫోన్‌లో ఉంది. వందసార్లు చదివి ఉంటాను. 10:53 నుంచి 10:54 మధ్య కరెంటు ఏం చేసి ఉంటుందా అని చదివాను, అంతే. అందులోనే నీకు కావలసిన సంగతి కూడా ఉందని నాకు తట్టలేదు. తట్టినా చూపించి ఉండేవాణ్ణి కాదేమో. లాగ్ చూపిస్తే నువ్వు బ్రేకర్ గురించి అడుగుతావని భయం. నా సంగతి దాచుకోవడానికి నీ సంగతి కూడా దాచాను. ఎలిమెంట్ మంచిదని డేల్ చెప్పినా, ఇది మారదు. దీనికి కట్టే ట్యాగ్ లేదు.

శనివారం ఏడింటి ప్రోగ్రామ్‌ను నేను ముట్టుకోలేదు. తీయాలో ఉంచాలో నువ్వే చెప్పు. 29న అది మళ్ళీ నీళ్ళు కాయమంటుంది. రాగి మాల్ట్ వేయాలంటే శుక్రవారమే ఫ్రీజర్‌లోంచి బయట పెట్టాలి. అది తన్వి మాట విన్నాక చూసుకుందాం.

ప్లాంట్‌లో గురువారం సెలవు పెట్టాను. పోస్ట్ చేస్తే ఆలోగా అందదేమోనని ఈ కవర్ మీ తలుపు దగ్గర నేనే పెట్టి వెళ్తున్నాను. ఉదయం పదింటికి ఇన్‌స్పెక్టర్ వస్తాడు, నేను తొమ్మిదిన్నరకే ఉంటాను. గీతాంజలి కూడా వస్తానంది, ఈసారి తలుపు తియ్యి. తన్వి స్కూల్ బస్సు మీ వీధి చివర 3:25కి ఆగుతుంది. ఆ బ్రేకర్ వంటగది టేబుల్ మీదే ఉండనివ్వు. 3:30కి దాని ముందు కూర్చుని ఉంటాను.

దివాకర్